చెవి వెనక నురగ

కిటికీ చువ్వకి కట్టిన తోలుపట్టీ మీద కత్తిని అటూ ఇటూ తిప్పి నూరుతూ, ఈ పెద్దమనిషి నా నెత్తిన ఇదేం పని పెట్టాడ్రా దేవుడా అనుకుంటున్నాడు కత్తెర. కత్తెర అంటే మనిషే, పదిహేడేళ్లవాడు. కటింగు షాపాయన కొడుకు గనకా, దళంలో అందరి తలలూ గడ్డాలూ వాడి చేతుల మీదుగానే పోతాయి గనకా ఆ పేరు ఖాయమైపోయింది. అసలు పేరుతో పిలిస్తే ఇంకెవర్నో అనుకుని పక్కకి చూస్తాడు. పెద్దమనిషి అంటే కెప్టెన్. యుద్ధానికి ముందు బడిపంతులు. ఇప్పటికీ ఎవడైనా బూటు తాడు వదులుగా కట్టుకుంటే చెవి మెలిపెట్టబోయి, గుర్తొచ్చి ఆగిపోతాడు. చిత్రమేమిటంటే దళం దిగింది కూడా బడిలోనే. పిల్లల్లేని బడి. నల్లబల్ల మీద ఎవరో సగం చేసి వదిలేసిన భాగహారం అలాగే ఉంది, దాన్ని పూర్తిచేయడానికి గానీ చెరపడానికి గానీ ఇంతమందిలో ఒక్కడికీ చేతులు రాలేదు. ఆ గదిలోంచే ఓ బెంచీ వరండాలోకి లాక్కుని, బకెట్లో వేడినీళ్లు పోసుకుని కూర్చున్నాడు కత్తెర. ఎండ చుర్రుమనేలోగా అందరూ గడ్డాలు గీయించుకుని వరసలో నిలబడాలి, నిలబడి పడవలెక్కాలి, ఎక్కి ఏరు దాటాలి. ఏటికి అవతల శత్రువు. మాసిన గడ్డంతో ఎవడూ కదలకూడదన్నది కెప్టెన్ పెట్టిన నియమం. మొహానికి దెబ్బ తగిలితే కట్టు కట్టేవాడికి వెంట్రుకలు అడ్డం రాకూడదట. మొదట్లో ఆ మాటకి నవ్వేవాళ్లు. ఇప్పుడెవరూ నవ్వడం లేదు.

"వీళ్లలో పిల్లలెవరో నీకు తెలుసు కదరా," అన్నాడు కెప్టెన్ ఇందాక. అందరికంటే ముందు ఆయనే వచ్చి కూర్చున్నాడు, నురగ పూసిన మొహంతో, కళ్లు మూసుకునే అన్నాడు.

"అందరి కాయితాల్లోనూ పద్దెనిమిదే ఉంది సార్."

"కాయితాల సంగతి నాకూ తెలుసులే. నేనడిగితే ఒక్కడైనా నిజం చెప్తాడా? నువ్వూ చెప్పక్కర్లేదు. గడ్డం రానివాడెవడో నీ చేతికి తెలుస్తుంది. వాడికి చెవి వెనక కాస్త నురగ వదిలెయ్. నేను వెనకనించి చూసుకుంటా. వంటకో, సామాన్ల కాపలాకో అని ఇక్కడే ఉంచేస్తా. ఎవరికీ తెలీదు."

"మరి నేను సార్?"

కెప్టెన్ ఒక కన్ను తెరిచాడు. "నీకు వచ్చిందా?"

"వచ్చింది సార్."

"అయితే నువ్వు ఎక్కాల్సిందే నాయనా," అని మళ్లీ కన్ను మూసుకున్నాడు.

ఎవరికీ తెలీదట! నాకు తెలీదూ? చెప్పాల్సింది చెప్పేసి, భుజం మీద తువ్వాలు దులిపిచ్చేసి, చక్కా పోయాడు. చెవి వెనక నురగ వదలడమంటే ఏమిటో ఆయనకేం తెలుసు, నాన్న వింటే చేతిలోంచి కత్తి లాక్కుంటాడు. నాన్న షాపులో అంతకు మించిన తప్పు లేదు. గాటు పడినా ఊరుకుంటాడు, పటిక రుద్ది, రెండు తియ్యటి మాటలు చెప్పి పంపేస్తాడు. చెవి వెనక నురగతో మనిషి గడప దాటాడంటే మాత్రం ఆ పూటంతా అన్నం సయించదు. ఎంత కబుర్లలో ఉన్నా సరే, తువ్వాలు కొస చూపుడువేలికి చుట్టి ఈ చెవి వెనక ఒకసారి, ఆ చెవి వెనక ఒకసారి, వేలు తనంతట తను వెళ్లి తుడిచి రావాలి. అలా రావడానికి ఎన్ని మొట్టికాయలు తిన్నాడని! అంచుల్లో మచ్చలు పడ్డ అద్దం, గట్టిగా వెనక్కి వాలితే కిర్రుమనే పెద్ద కుర్చీ, చిన్నపిల్లలొస్తే కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసే చెక్క, ఆ చెక్కమీద కూర్చోగానే గుక్కపట్టే పిల్లలు, వాళ్లని ఊరుకోబెట్టడానికి నాన్న కూసే కోడికూత. పాపం నాన్నకి ఆ కూత ఒక్కటే వచ్చు. పిల్లిలా అరవమన్నా కోడే కూసేవాడు. కత్తి చేతికిచ్చే ముందు ఎన్నో నెలలు లేత సొరకాయ మీద నురగ పూసి దాని మీది నూగు గీయమనేవాడు, తొక్కకి గీత పడకూడదు, పడితే ఆ కాయని అమ్మ చేతికిచ్చి, ఇదిగో నీ కొడుకు చంపేశాడు వండెయ్ అనేవాడు. చంపేశాడు. ఎంత తేలిగ్గా అనేవాళ్లం ఆ మాట అప్పట్లో.

కెప్టెన్ తర్వాత మొదట బుడంకాయ వచ్చి కూర్చున్నాడు. దళంలో అందరికంటే పొట్టి, తుపాకీ వాడికంటే పొడుగు, వాణ్ణి చూసి ప్రతి కొత్త అధికారీ పసివాడని జాలిపడతాడు. కానీ వాడి దవడ మీద కత్తి పెడితే గరగరమంటుంది, కొబ్బరిపీచు మీద నడిచినట్టు. ఇద్దరు పిల్లల తండ్రి కూడాను. హమ్మయ్య, వీడితో నాకే పేచీ లేదు అనుకుని, గీసి, కడిగి, వేలు తనంతట తను వెళ్లి రెండు చెవుల వెనకా శుభ్రంగా తుడిచి వచ్చింది. బుడంకాయ లేచి, నున్నటి చెంపలు నిమురుకుంటూ, పెళ్లికొడుకులా ఉన్నానా అని అడిగాడు. ఉన్నావురా అంటుండగానే తట్టింది కత్తెరకి. తుడవడమంటే పడవెక్కించడమే కదా! నురగ వదిలితేనే ఏదో చేసినట్టనుకున్నాడు గానీ, తుడిస్తే మాత్రం? ఈ ఇద్దరు పిల్లల తండ్రిని, పొడుగు లేనివాణ్ణి, పొమ్మని తన చేత్తో పంపినట్టేగా? ఇంకా నలుగురైదుగురు వచ్చారు, గరగర, గరగర, అందర్నీ తుడిచాడు, తుడిచినప్పుడల్లా వేలి కొస చల్లబడింది. ఏటివైపునించి గాలి వస్తోంది. దూరంగా ఎక్కడో ఉరిమినట్టు వినపడింది, అది ఉరుము కాదని అందరికీ తెలుసు, అయినా ఎవడో ఒకడు వానొచ్చేలా ఉందిరోయ్ అన్నాడు.

తర్వాత గోడ వచ్చాడు. నిజంగా గోడే. వాడు ఓ చివర కూర్చుంటే బెంచీ రెండో చివర లేస్తుంది, అందుకని కత్తెర దానిమీద కాలు పెట్టి నిలబడ్డాడు. వాణ్ణి చూసి వయసడిగే ధైర్యం ఎవడు చేస్తాడు! అలాంటివాడి చెంప మీద కత్తి పెడితే చప్పుడు లేదు. దవడ మీద లేదు, గడ్డం కిందా లేదు. నూగు. సొరకాయ మీది నూగు. కత్తెర కత్తి తిప్పి పట్టుకున్నాడు, పదునువైపు పైకి, వీపువైపు చర్మానికి. లేత చర్మం మీద పదును నడిపితే మండుతుంది. ఆ కిటుకు నాన్నదే. పదిహేనో ఏట, నాకూ గడ్డం గియ్యి నాన్నా అని ప్రాణం తీస్తుంటే, నవ్వకుండా, పెద్దమనిషికి పరిచినట్టు తెల్లటి తువ్వాలు పరిచి, నురగ పూసి, వారం వారం గీసేవాడు. గీస్తే ఒత్తుగా వస్తుందన్న ఆశతో రోజూ అద్దంలో వెతుక్కునేవాడు కత్తెర. ఎప్పుడో ఓ రోజు అద్దంలోనే కనిపెట్టాడు, నాన్న ఇన్నాళ్లూ కత్తి వీపుతో గీస్తున్నాడని! ఎంత ఏడ్చాడో, ఎంత తిట్టాడో, నన్ను మోసం చేశావు అని అన్నం మానేసి పడుకున్నాడు. నాన్న వచ్చి మంచం అంచున కూర్చుని, వచ్చేటప్పుడు అదే వస్తుందిరా, వచ్చాక రోజూ గీసుకోలేక చస్తావు, ఈ నాలుగు రోజులూ సుఖంగా ఉండు అన్నాడు. అప్పుడు ఆ మాట విషంలా అనిపించింది. ఇప్పుడు గోడ ఇంత మనిషీ కళ్లు మూసుకుని, మెడ చాపి, నిద్రమత్తులో, మా అమ్మ ఇలాగే మొహం తుడిచేది అని, అనేసి నాలిక్కరుచుకున్నాడు. కత్తెర విననట్టు ఊరుకున్నాడు. గోడ విషయంలో పెద్ద ఆలోచనేం పట్టలేదు, కుంచె కొసతో చెవి వెనక ఇంత నురగ అద్దాడు, కానీ అలవాటైన వేలు, పాడు వేలు, ఎప్పుడు వెళ్లిందో వెళ్లి తుడిచేసి వచ్చింది! చూసుకునేసరికి అక్కడ ఏమీ లేదు. ఉండరా ఉండరా అని వాణ్ణి మళ్లీ కూర్చోబెట్టి మళ్లీ అద్దాల్సొచ్చింది. ఇన్నేళ్లు నేర్చుకున్నదంతా నా మీదే తిరగబడుతోంది అనుకున్నాడు.

మెట్ల మీద పిచుక కూర్చుని ఉన్నాడు. తన వంతు వచ్చినప్పుడల్లా వెనకవాణ్ణి ముందుకి తోస్తున్నాడు, నాకు చివర్న, తీరిగ్గా, అని. ఎందుకో కత్తెరకి తెలుసు, గడ్డం లేని గడ్డాన్ని నలుగురిలో గీయించుకోవడం వాడికి నామోషీ. ఎప్పుడూ చివరే వస్తాడు. కత్తెరని బావా అని పిలుస్తాడు. నీకు అక్కా లేదు చెల్లీ లేదు, బావనెలా అయ్యానురా అంటే, ఉంటే నీకే ఇచ్చేవాణ్ణి, ఆ మాట మీద పిలుస్తున్నా అంటాడు. పిచుకంత మనిషి, పిచుకంత తిండి, నోరు మాత్రం ఊరంత. అన్నీ వాగుతాడు గానీ అన్న సంగతి మాత్రం మెల్లగా చెప్తాడు. వాడి అన్న మొదటి దళంతో ఏరు దాటాడు. వెనక్కి వచ్చినవాళ్లలో లేడు. పోయినవాళ్ల పేర్లు చదివినప్పుడూ లేడు. మరి ఉన్నట్టా లేనట్టా? ఎవరూ చెప్పలేకపోయారు, అందుకని పిచుక వయసు పెంచి చెప్పి, ఎవడిదో పెద్ద బూటు తొడుక్కుని, ఇంత దూరం వచ్చేశాడు. సాయంత్రాలు ఏటి ఒడ్డున కూర్చుని అవతలికి చూస్తాడు, అటు ఏముంది, రెల్లు, బురద, కాలిన చెట్లు. చిన్నప్పుడు దాగుడుమూతల్లో వాడెక్కడ దాక్కున్నా నేనే పట్టేసేవాణ్ణి బావా, నన్నొక్కసారి ఆ ఒడ్డున దింపండి చాలు, మిగతాది నేను చూసుకుంటా. నిన్న సాయంత్రం కూడా అక్కడే, గడ్డిపోచ నములుతూ, కెప్టెన్ కొంతమందిని ఆపేస్తాడని వంటాయన అంటున్నాడు, నన్ను ఆపితే మాత్రం చచ్చిపోతా బావా అన్నాడు. ఆపకపోతే చస్తావేమోరా వెధవా అని కత్తెర నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

అమ్మ అయితే ఏం చేసేది? అమ్మకి ఇలాంటివి క్షణంలో తెగుతాయి. పటాలంలో చేరుతున్నానని చెప్పిన రోజు నాన్న షాపులోకి వెళ్లి కుర్చీ తుడిచినచోటే తుడుస్తూ కూర్చుంటే, అమ్మ మాత్రం నాన్న మంచి కత్తీ, తోలుపట్టీ, పటిక ముక్కా గుడ్డలో చుట్టి సంచిలో పెట్టింది. గడ్డం గీసేవాణ్ణి ఎవడూ ముందుకి పంపడురా, పెద్దపెద్దవాళ్లందరికీ నీతో పనుంటుంది, వెనకే ఉంచుకుంటారు, అంది. ఎంత ధీమాగా అంది! నిజమేనేమో అనుకున్నాడు వాడు కూడా, సిగ్గు లేకుండా. బిడ్డని వెనక ఉంచడానికి అమ్మకి దొరికిన ఉపాయం అది, ఓ కత్తి, ఓ పటిక ముక్క. పిచుక అమ్మకి ఏ ఉపాయం దొరికుంటుంది? ఒక కొడుకు ఏటి అవతల, ఒక కొడుకు ఇవతల. ఇవతలివాణ్ణి కూడా అటు తోస్తే ఆవిడ నన్నేమంటుంది? తొయ్యకపోతే వీడు నన్నేమంటాడు? ఇద్దరికీ సరిపోయే జవాబు లేదు. పోనీ వాడి ఇష్టం వాడిది, నాకెందుకు, నా చెయ్యి నేను కడుక్కుంటా అనుకుంటే, చెయ్యి కడుక్కోవడమంటే కూడా వాణ్ణి పంపడమేనాయె.

"ఇక రారా, నీళ్లు చల్లారిపోతున్నాయ్," అన్నాడు.

పిచుక వచ్చి, చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని కూర్చున్నాడు. "గట్టిగా గియ్యి బావా, ఇవాళ అన్నయ్య చూస్తాడు. ఇంత పెద్దాడివయ్యావా అనాలి."

నురగ పూస్తే ముక్కూ కళ్లూ తప్ప ఏం మిగల్లేదు, అంత చిన్న మొహం. కత్తి తిప్పి పట్టుకున్నాడు. వీపువైపు చెంప మీద ఆనించి కిందికి లాగుతుంటే, పిచుక నోరు మూసుకునే గొంతులోంచి గర్ర్, గర్ర్ అని చప్పుడు చేస్తున్నాడు. వరండా చివర కూర్చున్న బుడంకాయకి వినపడాలని! ఎప్పుడూ చేసేదే. ఎప్పుడూ కత్తెర కసిరేవాడు, కదలకురా గాటు పడుతుంది అని, గాటు ఎలా పడుతుంది మొద్దువైపుతో? ఇవాళ కసరలేదు. ఇవాళ ఆ చప్పుడు అయిపోకుండా ఉంటే బాగుండుననిపించి, గీసిన చోటే మళ్లీ గీశాడు. నవ్వొస్తోంది, నవ్వుతోపాటు ఇంకేదో కూడా వస్తోంది. మెడ పట్టుకున్న బొటనవేలి కింద నరం టకటకా కొట్టుకుంటోంది, ఎంత తొందరో దానికి. బతికున్నది ఇంత దగ్గరగా తెలుస్తుందని నాన్న ఎప్పుడూ చెప్పలేదే. వీడంటే నాకింత ప్రేమేమిట్రా బాబూ, తోడబుట్టినవాడు కాదు, కనీసం బావమరిదైనా కాదు. కుంచె కొసన నురగ తీశాడు. చెవి వెనక అద్దాడు. అద్దినంతసేపు కూడా పట్టలేదు, తువ్వాలు చుట్టుకున్న వేలు ఎప్పటిలాగే వెళ్లింది, తుడిచింది, వచ్చింది.

కత్తెర తన వేలి వంక చూశాడు. తువ్వాలు మీద తెల్లగా, ఇంత. అంతే అయిపోయింది, నా తప్పేం లేదు, చెయ్యే తుడిచింది, దేవుడే తుడిపించాడు, వీడి రాత ఇలా ఉంది, వెళ్లనీ, వెళ్లి అన్నని పట్టుకోనీ. ఒక్క క్షణం ఎంత హాయిగా ఉందో! బరువు దిగిపోయినట్టు. ఆ హాయి చూసే భయమేసింది వాడికి. పిచుక లేవబోతున్నాడు.

"ఉండు, ఇక్కడ కొంచెం మిగిలింది," అని భుజం పట్టి కూర్చోబెట్టాడు. ఈసారి కుంచె కాదు, వేలితోనే గిన్నెలోంచి తీసి, తెలిసి తెలిసి, చెవి వెనక మెత్తగా పెట్టాడు. తువ్వాలు చుట్టిన రెండో చెయ్యి వీపు వెనక్కి పెట్టేసుకున్నాడు.

"చల్లగా ఉంది బావా."

"నీళ్లు చల్లారాయని చెప్పాగా. లే ఇక."

వరసలో నిలబడ్డారు. కెప్టెన్ వెనకనించి నడుస్తూ వస్తున్నాడు, పరీక్ష రాసే పిల్లల మధ్య నడిచినట్టు, మెల్లగా. గోడ భుజం తట్టి, నువ్వు సామాన్ల దగ్గర ఉండు అన్నాడు. ఇంకెవర్నో తట్టాడు. అడుగులు దగ్గరయ్యాయి. కత్తెర ముందుకే చూస్తున్నాడు, ఏటి నీళ్లు మెరుస్తున్నాయి, ఆ నీళ్ల వంకే చూస్తున్నాడు.

"నువ్వు వంటాయనకి సాయం చెయ్యి."

"నేనా సార్? నేను కాదు సార్! నాకు వంట రాదు సార్! సార్, మా అన్నయ్య అటు..."

"చెప్పింది చెయ్యి నాయనా," అన్నాడు కెప్టెన్. ఆగలేదు, నడుస్తూ పోయాడు.

పిచుక మెడ మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయాడు. చేతికి తడి తగిలింది కాబోలు, తీసి చూసుకున్నాడు. పక్కకొచ్చి నిలబడ్డ గోడ చెవి వెనక చూశాడు. మళ్లీ తన వేళ్లు చూసుకున్నాడు.

"నువ్వేనా?"

కాదనొచ్చు. అలవాటు తప్పి మిగిలిపోయిందిరా అంటే నమ్ముతాడు, వాడు ఏం చెప్పినా నమ్ముతాడు. "నేనేరా," అన్నాడు కత్తెర. పిచుక కొట్టలేదు, తిట్టలేదు, అసలు తెలియనివాణ్ణి చూసినట్టు చూసి, వెనక్కి తిరిగి వంటపొయ్యి వైపు వెళ్లిపోయాడు. ఆ పెద్ద బూట్లు టపాటపా మోగాయి.

పడవలో బుడంకాయ పక్కన చోటు దొరికింది. తెడ్లు నీళ్లలో పడ్డాయి. ఒడ్డు జరిగింది, రేవు రాళ్లు జరిగాయి, బడి పైకప్పు కనబడింది. బాగుంది, వాడు నన్ను జన్మలో క్షమించడు, క్షమించకపోవడానికైనా వాడికి జన్మంటూ ఉండాలి కదా, ఉండనీ, ముసలివాడై మనవల్ని కూర్చోబెట్టుకుని, కత్తెరగాడని ఒక ద్రోహి ఉండేవాడర్రా అని చెప్పుకోనీ. కళ్లు మండుతున్నాయి. ఎండకి కాబోలు. అవతలి ఒడ్డు వైపు చూడాలి, అందరూ అటే చూస్తున్నారు, కత్తెర మాత్రం ఇటే చూస్తున్నాడు, అందుకే వాడికే ముందు కనిపించింది. ఒడ్డున ఎవరో పరిగెత్తుకొస్తున్నారు. బూట్లు లేవు కాళ్లకి. మోకాళ్లదాకా నీళ్లలోకి వచ్చేసి, చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తిట్టరా, తిట్టు, గట్టిగా తిట్టు, వింటాను అనుకున్నాడు కత్తెర.

"కత్తెరా! అన్నయ్యని పేరు పెట్టి పిలిస్తే రాడు! ఎవర్నీ నమ్మడు వాడు! బుజ్జిపండూ అని పిలువు!"

పడవలో ఎవరూ నవ్వలేదు. బుడంకాయ తెడ్డు ఆపాడు.

"మా అమ్మ అలాగే పిలుస్తుంది! తిడతాడు, తిట్టనీ, కానీ పలుకుతాడు!"

కత్తెర లేచి నిలబడ్డాడు, పడవ ఊగింది, ఎవరో నడుం పట్టుకున్నారు. "బుజ్జిపండు! అంతేగా?" గొంతు సగంలో జీరపోయింది, అయినా వెళ్లింది.

"అంతే! నేనొచ్చానని చెప్పు! ఇక్కడిదాకా వచ్చానని చెప్పు!"